అడిగినవాళ్లదే పూచీ

గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే బస్సు పేరేచర్ల, మేడికొండూరు దాటి, సత్తెనపల్లిని వెనకేశాక పల్నాడు తన రంగులో కనిపిస్తుంది. మాఘమాసం. నల్లరేగడి చేలల్లో మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి. రోడ్డు పక్కన ఖాళీ జాగా ఎక్కడ దొరికితే అక్కడ కల్లం వేశారు. కల్లాల నిండా ఎర్రగా పరిచిన కాయలు. కిటికీలోంచి ఘాటు లోపలికొచ్చి బస్సులో సగంమంది దగ్గుతున్నారు. ఏరటం అయిపోయిన పత్తిచేలల్లో కట్టె ఇంకా నిలబడే ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే సున్నం బట్టీల పిడుగురాళ్ల. ఈ మధ్యలోనే రాజుపాలెం మండలం. మండలంలోని కొండమోడు దగ్గర నరసరావుపేట నుంచి వచ్చే రోడ్డు కలుస్తుంది కాబట్టి లారీల రద్దీ ఎప్పుడూ తగ్గదు.

నా పక్క సీట్లో ఒక కౌలు రైతు కూర్చున్నాడు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) అమ్ముకుని ఇంటికి పోతున్నాడు. కాయ ఎట్లా ఉందని అడిగాను.

"కాయకేం, బాగానే ఉంది. రేటే లేదు. నల్ల తామర పడ్డ ఏడు చేసిన అప్పు ఇంకా తీరలా."

2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు ప్రాంతపు మిరపతోటల్ని పూతలోనే ఎండగట్టింది. ఆ ఏటి లెక్కలు ఇక్కడ చాలా ఇళ్లలో ఇప్పటికీ తెగలేదు. కాసేపాగి ఆయనే మళ్లీ అన్నాడు: "రాత్రిళ్లు నిద్ర పట్టట్లా. పన్నెండింటికి లేస్తా, ఇక తెల్లారేదాకా అంతే. బీపీ బిళ్ల వేస్తానే ఉన్నా." నిద్ర సంగతి డాక్టరుతో చెప్పావా అంటే, "వాళ్లు అడగరుగా" అన్నాడు.

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది కూడా ఆ అడగని ప్రశ్న కోసమే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మానసిక ఆరోగ్యం గురించి జరిగిన పెద్ద పరిశోధనల్ని కొంతకాలంగా చదువుతున్నాను. వాటిలో ఒకటి మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగింది. కాగితం మీద చదివింది పల్నాడులో ఒక మామూలు మండలంలో, ఒక ఆశా కార్యకర్త చేతిసంచీలో, ఒక పీహెచ్‌సీ మందుల గదిలో ఎట్లా ఇముడుతుందో కళ్లారా చూడాలనిపించింది.

మండలంలోని ఒక ఊళ్లో ఆశా కార్యకర్త వెంట వీధులు తిరిగాను. ఆవిడ సంచీలో గర్భిణుల రిజిస్టరు, టీకాల లిస్టు, కఫం డబ్బాలు, ఐరన్ మాత్రలు, ఒక ఫోను, దాంతోపాటు చార్జరు. ప్రతి గడపలోనూ ఒక వరస ఉంది. ఇక్కడ అత్త, అక్కడ పిన్ని, ఆ చివరింట్లో బాబాయి. కాన్పు తేదీ ఎప్పుడో, ముసలాయన షుగరు ఎంతుందో, ఎవరి దగ్గు మూడు వారాలైనా తగ్గలేదో అన్నీ నోటికే చెబుతుంది. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఒళ్లు నొప్పులని, అన్నం సయించట్లేదని చెప్పింది. ఆశా ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. మనవడి పెళ్లి కబుర్లు అడిగింది. వచ్చేటప్పుడు పారాసిటమాల్ ఇచ్చింది.

వీధి మలుపులో నేనడిగాను: దిగులు గురించి, నిద్ర గురించి, బతుకు మీద విసుగు గురించి ఇంటింటికీ అడిగే పని మీకు అప్పజెబితే చెయ్యగలరా?

"అడగటానికేముంది సార్, అడుగుతాం. అడిగాక వాళ్లు చెప్తారు. చెప్పాక నేనేం చెయ్యాలి? ఎవరి దగ్గరికి పంపాలి?"

నేను చదివిన పరిశోధన పత్రాలన్నిటి సారం ఆ రెండు ప్రశ్నల్లో ఉంది. మానసిక ఆరోగ్య పరిశోధన అంటే మంచి ప్రశ్నావళి, పెద్ద సర్వే, గట్టి గణాంకాలు అని మనం అనుకుంటాం. ప్రభుత్వ వైద్యంలో అంత పెద్ద కార్యక్రమాన్ని నడిపేవాళ్ల అసలు పని ప్రశ్న అడిగిన మర్నాడు మొదలవుతుంది.

గోదావరిలో జరిగింది ఇదీ. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే పరిశోధన సంస్థ, డాక్టర్ పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కొత్త ఆసుపత్రి కట్టలేదు, కొత్త ఉద్యోగులతో సమాంతర వ్యవస్థ పెట్టలేదు. ఉన్న ఆశాలకే ట్యాబ్లెట్లు ఇచ్చి ఇంటింటికీ పంపారు. దిగులుకు తొమ్మిది ప్రశ్నలు, ఆందోళనకు ఏడు. జవాబుల్ని బట్టి ఎవరికి డాక్టరు అవసరమో ట్యాబే చెబుతుంది. ఆ వివరాలు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబులోకి చేరతాయి. మనోవైద్యంలో ప్రత్యేక చదువు లేని ఆ డాక్టరుకి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో తెచ్చిన ఎంహెచ్‌గ్యాప్ మార్గదర్శి ప్రకారం ఏం అడగాలో, ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో ఒక్కో మెట్టుగా తెర మీద కనిపిస్తుంది. డాక్టరు చూశాక ఆ మనిషి సంగతి మళ్లీ ఆశా ట్యాబుకి వస్తుంది. ముందు ఎవరింటికి వెళ్లాలో ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో తెలుస్తుంది. మందు వేసుకోమని, డాక్టరు దగ్గరికి వెళ్లమని జనానికి ఫోన్లో రికార్డు మాటలు వినిపించేవి. వీటికి ముందే ఊళ్లలో వీడియోలు, నాటకం వేసి, మనోవ్యాధి సిగ్గుపడాల్సిన విషయం కాదని చెప్పారు.

మొదట 30 గిరిజన గ్రామాల్లో 5,007 మందిని అడిగారు. ఆ ప్రాంతంలో అర్హులైన పెద్దవాళ్లలో ఇది దాదాపు 97 శాతం. అంటే ఆశాలు అడగగలరు, జనం చెబుతారు. అందులో అనుమానం లేదు. దిగులు, ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లు 238 మంది తేలారు. వాళ్లలో అంతకుముందు వైద్యం కోసం వెళ్లినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. మూడు నెలల కార్యక్రమంలో పీహెచ్‌సీ డాక్టరు దాకా వచ్చినవాళ్లు 30 మంది. ఇద్దరు ముప్పైమంది కావటం చిన్న మార్పేమీ కాదు. కానీ మిగిలిన రెండు వందల పైచిలుకు మందీ ఎవరో ఇంటికొచ్చి అడిగితే మనసు విప్పి చెప్పినవాళ్లే. చెప్పి, ఇంట్లోనే ఉండిపోయారు.

తర్వాత అదే జిల్లాలో 12 మైదాన గ్రామాల్లో ఏడాదిపాటు నడిపారు. ఇరవై రెండు వేలమందికి పైగా జనాన్ని అడిగితే 900 మంది తేలారు. అంతకుముందు వైద్యం తీసుకున్నవాళ్లు వాళ్లలో 3.3 శాతం. ఏడాది గడిచేసరికి డాక్టరును కలిసినవాళ్లు 81.2 శాతం. కొండ ఊళ్లకీ మైదానపు ఊళ్లకీ దారుల్లో తేడా ఉంది, మూడు నెలలకీ ఏడాదికీ తేడా ఉంది. ప్రశ్నలు మాత్రం రెండు చోట్లా ఒకటే. ప్రశ్న ఒకటే అయినప్పుడు ఫలితాన్ని మార్చేది ఆ తర్వాత జరిగే పని. ఆశా మళ్లీ ఎన్నిసార్లు గడప తొక్కింది, డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడు, ఎన్నాళ్లు తోడున్నారు అన్నవే లెక్కకొస్తాయి.

ఆ అనుభవంతోనే పెద్ద పరీక్ష పెట్టారు. పశ్చిమ గోదావరితోపాటు హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలనూ కలిపి 44 పీహెచ్‌సీలు తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో కొన్నింటికి పూర్తి కార్యక్రమం, మిగిలినవాటికి మామూలు వైద్యాన్నే కాస్త మెరుగుపరిచి ఇచ్చారు. ఇక్కడ మనుషుల్ని కాకుండా పీహెచ్‌సీల్ని విడదీయటానికి కారణముంది. ఒకే ఊళ్లో ఒక వీధికి కొత్త వైద్యం ఇచ్చి పక్క వీధికి ఇవ్వకపోతే, సాయంత్రం రచ్చబండ దగ్గర మాటలన్నీ కలిసిపోతాయి. ఏది దేనివల్ల మారిందో చెప్పలేం. 9,928 మందిని గమనించారు. అదీ కోవిడ్ రోజుల్లో, ఆశాలు జ్వరాల సర్వేలతో సతమతమవుతున్న కాలంలో. ఫలితాలు 2024లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చాయి. దిగులు ఎక్కువగా ఉన్నవాళ్లలో, పూర్తి కార్యక్రమం నడిచిన చోట ఏడాది తర్వాత ఆ బరువు స్పష్టంగా తగ్గింది. మనోవ్యాధి ఉన్నవాళ్లతో జనం మెలిగే తీరు కూడా కొంత మారింది.

ఇట్లాంటి కార్యక్రమాన్ని నడపటమంటే ఏమిటో రాజుపాలెం వీధుల్లో తిరుగుతుంటే నాకు బాగా అర్థమైంది. రాష్ట్ర ఆరోగ్యశాఖ అనుమతి, జిల్లా వైద్యాధికారి సహకారం ముందే ఉండాలి. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయితే వచ్చే కొత్త డాక్టరుకి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. ఆశా నెలలో చేసే పనుల పట్టికలో ఈ పనికి చోటు, దానికి తగిన పైకం ఉండాలి. పైన మరో యాప్, మరో రిజిస్టరు పడేస్తే ఆవిడ రెండు నెలలు చేస్తుంది, మూడో నెలలో గళ్లు నింపుతుంది. ఎవరైనా చావాలనిపిస్తోందని చెబితే ఆ రోజే, ఆ గంటలోనే ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఉండాలి. జనం చెప్పిన మాటలు ఊళ్లో పొక్కకుండా చూడటం ఇంకో పెద్ద పని. చిన్న ఊళ్లో ఒక్క మాట బయటికి పొక్కితే పెళ్లిసంబంధం చెడుతుంది, అప్పు పుట్టదు.

అన్నిటికంటే ముందు మందుల గది. దిగులుకిచ్చే మందు వేసుకున్న రోజే పని చేయదు. రెండు మూడు వారాలు పడుతుంది. కుదుటపడ్డాక కూడా నెలల తరబడి ఆపకుండా వాడాలి. మొదటి నెల పీహెచ్‌సీలో ఇచ్చి, రెండో నెల స్టాకు లేదని పంపేస్తే ఆ మనిషి మూడోసారి రాడు. బయట కొనుక్కోవటానికి కూలి డబ్బులు చాలవు. గణాంకాల్లో ఆ మనిషి 'మధ్యలో మానేసిన రోగి' అవుతాడు. నిజానికి మధ్యలో మానేసింది వ్యవస్థ. పరిశోధన నడిపేవాళ్లకి ఈ తేడా తెలియకపోతే, మందు స్టాకు లేకపోవటాన్ని జనం అశ్రద్ధగా రాసేసే ప్రమాదముంది.

ఈ దారి మనకి కొత్తది కూడా కాదు. 1985 నుంచి 1990 దాకా బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు మన సరిహద్దులోని బళ్లారి జిల్లాలో, తెలుగు మాట్లాడే జనం ఎంతోమంది ఉన్న జిల్లాలో, పీహెచ్‌సీ డాక్టర్లకీ ఆరోగ్య కార్యకర్తలకీ శిక్షణ ఇచ్చి మనోవైద్యాన్ని ఊళ్లకి తీసుకెళ్లారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పుట్టింది. దేశంలో మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అంటే మూడు దశాబ్దాల కిందటే తెలుగు నేల మీద ఈ ప్రయత్నం మొదలైంది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చూస్తే, మామూలు మనోవ్యాధులున్నవాళ్లలో నూటికి 85 మందికి ఏ వైద్యమూ అందలేదు. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. మన గురించి మనకి తెలిసినది గోదావరి లాంటి పరిశోధనల వల్లే. అందుకే అవి ఇంకా కావాలి, పల్నాడులో కూడా కావాలి.

పల్నాడుకి ప్రత్యేకించి ఎందుకో ఆ మధ్యాహ్నం ఒక ఇంట్లో చూశాను. మంచినీళ్లిచ్చిన ఇల్లాలు లోపలికి రమ్మంది. వసారా చూరులో, పిల్లల పుస్తకాల సంచీ తగిలించిన మేకుకి పక్కనే, సగం వాడిన పురుగుమందు డబ్బాలు రెండున్నాయి. కింద స్ప్రేయరు. పత్తికీ మిరపకీ వారం పదిరోజులకొకసారి మందు కొట్టే ఇంట్లో అవి ఉండటం సహజం. ఆమెకి అందులో వింతేమీ కనిపించలేదు. కానీ గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో ఆత్మహత్యల వార్తలు చదివేవాళ్లెవరికైనా ఆ చూరు చూడగానే గుండె ఆగుతుంది. చావాలన్న తలంపు ఒక గంటలో పరాకాష్ఠకి వెళ్లి, ఇంకో గంటలో దిగొచ్చేయొచ్చు. ఆ మధ్య గంటలో చేతికి ఏది అందుతుందన్న దాని మీదే మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

చెన్నై మనోవైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం తమిళనాడులోని కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతపు ఊళ్లలో దీన్నే పరీక్షించింది. రైతుల పురుగుమందుల్ని ఇళ్లలో కాకుండా ఊరికి ఒకచోట, బ్యాంకు లాకర్ల వంటి తాళం పెట్టెల్లో దాచే ఏర్పాటు చేశారు. రైతులు ఒప్పుకున్నారు, వాడుకున్నారు. విదర్భలోని అమరావతి జిల్లాలో, మనలాగే పత్తి పండించే 30 ఊళ్లలో 'విశ్రామ్' అనే మానసిక ఆరోగ్య కార్యక్రమం నడిచింది. దిగులుతో ఉన్నవాళ్లలో వైద్యసాయం అందుకున్నవాళ్లు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి పెరిగారు. పల్నాడులో పరిశోధన చేస్తే ఈ రెండూ కలవాలి. దిగులు గురించి అడిగే ప్రశ్నావళిలో, ఇంట్లో మందు డబ్బా ఎక్కడ పెడతారన్న ప్రశ్న కూడా ఉండాలి. వ్యవసాయశాఖ, ఆరోగ్యశాఖ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. నల్ల తామర మళ్లీ పడిన సంవత్సరం ఆ ఊళ్లకి ముందుగా ఆశాలు వెళ్లాలి. చాలామంది కౌలు రైతుల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు కాబట్టి, పరిహారపు లిస్టుల్ని నమ్ముకోకుండా ఇల్లిల్లూ తిరగాలి.

ఇక్కడ ఉన్న వసతులు తక్కువేమీ కావు. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది ఇదే జిల్లాలో, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. పీహెచ్‌సీ డాక్టరు నెలకి రెండుసార్లు ఊళ్లోని విలేజ్ క్లినిక్‌కి రావాలన్నది దాని ఉద్దేశం. గిరిజన గ్రామాల్లో ఆ 238 మందిలో అంతమందిని ఇంటి దగ్గరే ఆపేసింది దూరమైతే, డాక్టరే ఊళ్లోకి రావటం దానికి తగిన విరుగుడు. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోన్ సాయం మొదలైంది. 14416 నెంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మనోవైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని నేరస్థుల్లా కాకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, వాళ్లకి వైద్యం, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని ఆ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ముక్కలన్నీ ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపి నిలబెట్టే ఓపిక, నిర్వహణ కావాలి. పరిశోధన చేయగల మేలు అదే. ఏ ముక్క ఎక్కడ విరుగుతోందో లెక్క పెట్టి చూపించగలదు.

సాయంత్రం ఆశా కార్యకర్త దగ్గర సెలవు తీసుకుంటూ, ఈ పని ఊళ్లోకి వస్తే ముందు ఏం కావాలో చెప్పమన్నాను. ఆవిడ ఆలోచించి మూడు చెప్పింది: నెలంతా పీహెచ్‌సీలో ఉండే మందు, తను ఫోన్ చేస్తే ఎత్తే ఒక డాక్టరు, ఇంకొకరి దిగులు విని వచ్చిన రోజు తన దిగులు వినే ఒక మనిషి. మూడోది ఏ పరిశోధన ప్రతిపాదనలోనూ మొదటి పేజీలో ఉండదు. ఉండాలి. రోజంతా నలుగురి కన్నీళ్లు మోసుకొచ్చే ఆశాకీ, ఏఎన్ఎంకీ వారానికొకసారి కూర్చుని మాట్లాడే పర్యవేక్షకులు లేకపోతే ఆ కార్యక్రమం ఏడాది నిలవదు.

కాబట్టి పల్నాడులో మానసిక ఆరోగ్య పరిశోధన తలపెట్టేవాళ్లకి నేను కోరేది ఇదీ. రాజుపాలెం లాంటి నాలుగైదు మండలాలతో మొదలుపెట్టండి. ప్రశ్నావళి అచ్చు వేయించే ముందు ఏడాదికి సరిపడా మందులు పీహెచ్‌సీల్లో పెట్టించండి. డాక్టరు ఊరికి వచ్చే రోజు ఖాయం చేయండి. పరిస్థితి చెయ్యి దాటితే నరసరావుపేటకో గుంటూరుకో తీసుకెళ్లే బండీ, అక్కడ చేర్చుకునే డాక్టరు పేరూ ముందే రాసిపెట్టండి. పరిశోధన నిధులు అయిపోయిన నెలలో ఈ ఖర్చు ఏ పద్దు కింద ప్రభుత్వం మొయ్యాలో మొదటి రోజే తేల్చండి. ఇవన్నీ సిద్ధమయ్యాకే ఆశా చేతికి ట్యాబ్ ఇవ్వండి. బతకాలని లేదన్న మాట నోరు తెరిచి చెప్పినవాళ్లు తమ ప్రాణాన్ని మన చేతిలో పెట్టినట్టే. అది అందుకునే ఏర్పాటు లేనివాళ్లకి ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు. ఏర్పాటు చేసుకున్నవాళ్లు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే ఈ ఊళ్లలో చెప్పటానికి సిద్ధంగా ఉన్నవాళ్లు అడిగేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు.